పక్కకి లాగిన ముఖం

మొదటి మాట ఏదో ఇంకా తేల్చుకోలేదు, బస్సు అప్పుడే ఊరి చివరి పెట్రోలు బంకు దాటేసింది, "పిన్నీ, నీతో ఒక మాట చెప్పాలి" అని మొదలుపెడితే పరష్కెవా పిన్ని నా మొహం చూసి ఎవరో పోయారనుకుంటుంది, అనుకున్నా ఫరవాలేదు, పోవడానికి ఆవిడకింక ఎవరున్నారు, ఛీ, ఇదేం ఆలోచన, పెద్దల శనివారం పూట బస్సెక్కి కూర్చుని నేను ఆలోచించాల్సింది ఇదేనా. బస్సు నిండా అక్రోటు కొమ్మలు. సమాధుల మీద పరచడానికి ఆడవాళ్ళంతా తెల్లారుతూనే కోసుకొచ్చారు, ఆ పచ్చి చేదు వాసన గొంతులోకి దిగుతోంది. ముందు సీటావిడ ఒళ్ళో ఉడకేసిన గోధుమల గిన్నె, మీద చక్కెర చల్లి, గుడ్డతో బిగించి కట్టింది. పక్కావిడ కాళ్ళ దగ్గర వైన్ సీసా, రెండు రొట్టెలు, సంచీడు చెర్రీలు. ఎవరి చనిపోయినవాళ్ళ భోజనం వాళ్ళ ఒళ్ళో ఉంది. నా ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన పింగాణీ బిళ్ళ, మనోల్ ఇచ్చిన జిగురు గొట్టం, సన్నటి బ్లేడు, ఒక కవర్లో ఐదు ఫోటోలు, వాటిలో ఒకదానికి రెండు అచ్చులు. గంట ప్రయాణం. గంటలో ఆ మొదటి మాట దొరక్కపోతుందా.

"ఎవరికోసం వెళ్తున్నావమ్మా?" అని అడిగింది పక్కావిడ. మావాళ్ళు కాదండీ, తెలిసినవాళ్ళు, అన్నాను. మంచిదానివి, ఈ రోజుల్లో ఎవరికి పడుతుంది, అంది. నేను కిటికీ వైపు తిరిగాను. పొద్దుతిరుగుడు చేలు ఇంకా పూతకి రాలేదు. మంచిదాన్నట.

పరష్కెవా పిన్ని కూతురు జోర్నిత్సా బతికుండగా నేను తనని నాలుగైదు సార్లు చూసుంటాను. వాళ్ళ ఊళ్ళో సైకిలు మీద ఉత్తరాలూ పింఛన్లూ పంచేది, ఎప్పుడైనా పనిమీద పట్నం వస్తే మా ఫోటో స్టూడియోలోకీ తొంగి చూసేది. పొడుగాటి మనిషి, పొడుగాటి ముఖం, గడ్డం కిందికి దిగి ఉండేది, బుగ్గలు లోపలికి. "పాస్‌పోర్టు ఫోటోలో నా మొహం పట్టదేమో, రెండు ముక్కలుగా తియ్యి" అని ఒకసారి తనే నవ్వింది. ఆ మాట ఎందుకు మర్చిపోయాను, ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు అదే ఎందుకు గుర్తు రాలేదు. ముప్పై ఒకటో ఏట, మార్చి నెలలో, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తూ తలనొప్పి అంటూ కుర్చీలో కూర్చుంది, అంతే, తలలో నరం చిట్లిందన్నారు. మర్నాటి కల్లా వాళ్ళమ్మ నా కౌంటరు ముందు నిలబడి ఉంది. నల్ల గుడ్డ తలకి కట్టుకుని, కూతురి ఫోను రెండు చేతులా పట్టుకుని, పక్షిపిల్లని పట్టుకున్నట్టు. ఇంట్లో ఫోటోలు లేవమ్మా, పైకప్పు కారి ఆల్బం అంతా ఒకదానికొకటి అతుక్కుపోయింది, ఇందులోనే ఏదో ఉంటుంది, చూడు, అంది. చూశాను. ఉన్నది ఒక్కటే బాగుంది. ఎవరో రిటైరవుతున్న రోజున పోస్టాఫీసు గోడ పక్కన నిలబెట్టి తీసింది. జోర్నిత్సా నవ్వుతోంది, కుడివైపు ఎవరిదో మోచెయ్యి, చేతిలో బీరు సీసా, ఎడమవైపు ఫోటో అంచు అక్కడికక్కడే అయిపోయింది. తల పైన వేలెడు జాగా. అంటే శుభ్రంగా మిగిలేది నిలువుగా ఒక సన్నటి పట్టీ. దాంతోనే చావు కాగితాలు వేశాను, మనిషి పోయిందని నలుగురికీ తెలిసేలా గేటుకీ బస్‌స్టాపుకీ పోస్టాఫీసు తలుపుకీ అంటించేవి, అవి నిలువు కాగితాలే కాబట్టి ముఖం ఎలా ఉందో అలాగే పడింది. ఆ మొదటి కాగితంలో తను తనే. అంతవరకూ నేను తప్పు చెయ్యలేదు. అంతవరకూ అని చెప్పుకోవడం కూడా ఎందుకో.

తప్పు మే నెలలో, రాయి పెట్టేటప్పుడు. మనోల్ బాబాయ్ సమాధి రాళ్ళు చెక్కుతాడు, పింగాణీ మీద ఫోటో కాల్చిన బిళ్ళలు నేను తెప్పిస్తాను, ఇరవై ఏళ్ళుగా ఇద్దరిదీ ఒకే బేరం. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేశాడు. రాతిలో గుంట అడ్డంగా తవ్వేశాను, నిలువు బిళ్ళ కూర్చోదు, అడ్డం అండాకారంలో తెప్పించు, అన్నాడు. అడ్డం చట్రానికి నిలువు పట్టీ. మా నాన్న ఉన్నప్పుడు ఇలాంటిదానికి ఒకటే పద్ధతి, చీకటి గదిలో బొమ్మని పెద్దది చేస్తే నాలుగు వైపులా సమానంగా పెరిగేది, అడ్డంగా మాత్రమే పెంచుదామన్నా పెరగదు, చట్రం నచ్చకపోతే చట్రాన్నే మార్చుకోవాలి. ఇప్పుడు కూడా పద్ధతి ఉంది. మోచెయ్యి కత్తిరించెయ్యాలి, గోడలోంచి ముక్కలు తీసి రెండుపక్కలా అతికించి గోడని వెడల్పు చెయ్యాలి, ముఖం జోలికి పోకూడదు. అరగంట పని, మహా అయితే ముప్పావుగంట. కాలేజీ పిల్లలకి వేసవిలో నేనే నేర్పిస్తాను, తెర మీద పొడవూ వెడల్పూ పక్కన చిన్న తాళం గుర్తు ఉంటుంది చూడండి, అది వేసి ఉన్నంతసేపూ బొమ్మ చెడదు, అది తీశారో మీ ఇష్టం వచ్చినట్టు సాగుతుంది, ఎప్పుడూ తియ్యకండి, అని. ఆ రోజు నా స్నేహితురాలు దోనికా బయట కారులో హారన్ కొడుతోంది. ఇద్దరం రెండు రోజులు వేడినీటి బుగ్గలకి వెళ్ళాలనుకున్నాం, తువ్వాళ్ళు, కొత్త స్నానపు బట్టలు, ఫ్లాస్కులో కాఫీ, దోనికా లోపలికి తల పెట్టి "ఆ చచ్చినవాళ్ళు ఎక్కడికీ పారిపోరు గానీ, రా" అంది. నవ్వాను. నవ్వి, కింద భుజాల దగ్గర కత్తిరించి, తాళం తీసి, పట్టీ అంచు పట్టుకుని పక్కకి లాగాను. వెడల్పు నూరు శాతం ఉన్నది నూట పద్దెనిమిది. గుంట నిండింది. బుగ్గలు నిండాయి. గడ్డం చిన్నదైంది, కళ్ళు దూరం జరిగాయి, ఎంతో కాదు, తెలియనివాళ్ళకి తెలియదు. పంపేసి కంప్యూటర్ ఆపేశాను. ఆ రెండు రోజులూ నీళ్ళలో బాగా సేదతీరాను, అది కూడా చెప్పుకోవాలి, ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

బిళ్ళ వచ్చిన రోజున పరష్కెవా పిన్ని చాలాసేపు చూసింది. అప్పటికే కళ్ళకి పొర కమ్ముతోంది ఆవిడకి, తర్వాత ఆపరేషన్ చేశారు. వేలితో అంచులు తడుముతూ, ఇలాగే ఉండేదా, కాస్త ఒళ్ళు చేసినట్టుంది, అంది. అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది. ఆగు పిన్నీ, మళ్ళీ చేయిస్తాను, అని ఒక్క మాట. కొలిమిలో కాల్చినప్పుడు ముఖం కాస్త నిండుగా కనిపిస్తుంది పిన్నీ, అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అబద్ధం, ముందే వండి పెట్టుకున్నట్టు వచ్చింది. ఆవిడ తల ఊపింది. నా బిడ్డకి అక్కడ తిండి బాగా పెడుతున్నారేమో, అంది. నేను కాగితంలో చుట్టి ఇచ్చాను.

మనోల్ మాత్రం వదల్లేదు. బిళ్ళ అతికించి వచ్చి, కౌంటరు మీద మోచేతులాన్చి, "ఏమ్మా, మట్టి కింద ఒళ్ళు చేసిందా పిల్ల?" అన్నాడు. నువ్వు గుంట సరిగ్గా తవ్వి ఉంటే ఈ పని పడేది కాదు, అని ఎదురు తిరిగాను. నిజమే, నాదీ తప్పే, కానీ రాయి లాగితే సాగదమ్మా, అన్నాడు, అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆర్నెల్ల కాగితం, ఏడాది కాగితం, రెండేళ్ళది, మూడేళ్ళది, అన్నిటికీ పిన్ని రాయి మీది ఫోటోనే వెయ్యమంది, అదే బాగుందట. నేను వేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ ఆ ఫైలు తెరిచేటప్పుడు ముఖాన్ని చూసేదాన్ని కాదు, పేరూ తేదీలూ సరిచూసుకుని అచ్చు మీట నొక్కేదాన్ని. ఊళ్ళో గేట్ల మీదా స్తంభాల మీదా ఆ వెడల్పు ముఖం వానకి తడిసి ఎండకి వెలిసి కొత్తది పడుతూ, మూడేళ్ళు. పోస్టాఫీసు తలుపు మీద కూడా. ఆ తలుపు లోపల పనిచేసేవాళ్ళకి ఏమనిపించేదో. ఎవరూ ఏమీ అనలేదు. చావు కాగితం గురించి ఎవరు గొడవ పడతారు.

బస్సు ఆగింది. ఇద్దరు ముసలివాళ్ళు ఎక్కారు, డ్రైవరు దిగి వాళ్ళ కొమ్మలు అందుకుని లోపల పెట్టాడు. దిగిపోదామా అనిపించింది, ఎదుటి బస్సెక్కి వెనక్కి పోవచ్చు, ఫోటోలు పోస్టులో పంపి, వీలు కాలేదు పిన్నీ, ఇవి ఇలాగే ఉంటాయి, అని చీటీ రాసి పెట్టొచ్చు. పోస్టులో. ఆవిడ చేతికి ఆ కవరు ఇచ్చేది జోర్నిత్సా స్థానంలో వచ్చిన మనిషి. లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. పక్కావిడ నాకు గుప్పెడు చెర్రీలు ఇచ్చింది, తిన్నాను, గింజలు ఎక్కడ వెయ్యాలో తెలియక గుప్పిట్లో పట్టుకున్నాను.

పోయిన సోమవారం అది జరక్కపోతే నేను ఇలాగే బతికేసేదాన్ని, ఆ సంగతి నాకు బాగా తెలుసు, మంచితనంతో ఎక్కలేదు ఈ బస్సు. సోమవారం పొద్దున పిన్ని వచ్చింది, ముఖం వెలిగిపోతోంది, మూడేళ్ళలో ఆవిడని అలా చూడలేదు. పోస్టాఫీసులో పాత కంప్యూటర్ పారేస్తుంటే అందులో జోర్నిత్సా ఫోటోలు ఐదు దొరికాయట, వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చారట. తెరిచాను. సైకిలు పట్టుకుని ఒకటి, మంచులో ఒకటి, ఉత్తరాల సంచీ భుజాన వేసుకుని, కొత్త సంవత్సరం బల్ల దగ్గర, చివరిదాంట్లో వాళ్ళమ్మతో, ఇద్దరూ టొమాటోల గంపకి రెండుపక్కలా. అన్నిట్లోనూ ఆ పొడుగాటి ముఖం, లోపలికి పోయిన బుగ్గలు, గడ్డం. మూడేళ్ళ తర్వాత నాకు కనిపించింది. నేను ఏదో అనబోతున్నాను, పిన్ని తెర మీద వేలు పెట్టి "చూశావా, ఇవన్నీ పాడైపోయాయి. ఏ కెమెరాలో తీశారో, నా బిడ్డని గుర్రంలా పొడుగ్గా చేసి పెట్టారు. రాయి మీద ఉన్నట్టు చేసిపెట్టమ్మా. దాని అసలు ముఖం నీకు తెలుసు కదా" అంది.

నాకు తెలుసు కదా. అలాగే పిన్నీ, శనివారానికి ఇస్తాను, అన్నాను. నేనే తెచ్చి ఇస్తాను, నువ్వు రానక్కర్లేదు, అన్నాను. ఆవిడ నా బుగ్గ నిమిరి వెళ్ళింది.

చెయ్యడానికి కూర్చున్నాను కూడా. అది చెప్పకుండా ఎలా. షట్టరు సగం దించి, సైకిలు ఫోటో తెరిచి, తాళం తీసి, లాగాను, పద్దెనిమిదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. ముఖం రాయి మీది ముఖం అయింది, నిజంగానే, నాకు కూడా ఒక్క క్షణం సరిగ్గా ఉందనిపించింది, ఆ క్షణమే భయం వేసింది. అప్పుడు సైకిలు చక్రం చూశాను. గుడ్డులా ఉంది. ఊచలన్నీ ఒక పక్కకి సాగిపోయి, ఆ చక్రంతో ఎవరూ ఎక్కడికీ పోలేరు. కొడుకు ముఖం తల్లికి తెలుసు, కూతురి ముఖం తల్లికి తెలుసు అంటాం, తెలియకుండా చెయ్యొచ్చు, ఒక శుక్రవారం మధ్యాహ్నం చాలు. ఇంకొకరి కళ్ళల్లో ఉన్న మనిషిని నేను కౌంటరు వెనక కూర్చుని మార్చేశాను, ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు, ఇప్పుడు ఆవిడే వచ్చి మిగిలినవి కూడా మార్చమంటోంది. లాగినదాన్ని ఒక అచ్చు తీసి ఉంచుకుని, వెనక్కి తిప్పాను. పాత ఫైలు వెతికాను, మొదటి పట్టీ, మోచెయ్యి, బీరు సీసా, అన్నీ ఉన్నాయి, అదొక్కటి నయం. ఈసారి గోడని వెడల్పు చేశాను. ఒక్కో ఇటుకా పక్కన ఇంకో ఇటుక. ముప్పావుగంట పట్టింది, నేను అనుకున్నంతే. బిళ్ళ కాల్చేవాళ్ళకి ఫోను చేసి బతిమాలితే గురువారానికి పంపారు. మనోల్ దగ్గరికి జిగురు కోసం వెళ్తే చాలాసేపు నా వైపు చూశాడు. మూడేళ్ళు పట్టింది, అన్నాడు. పాతది తీసేటప్పుడు బ్లేడు రాతికి ఆనించి పోనీ, బిళ్ళకి కాదు, పగులుతుంది, కొత్తది పెట్టాక పావుగంట అరచేత్తో అదిమి పట్టుకోవాలి, తొందరపడి వదలకు, అన్నాడు. నేను రానా అని కూడా అడిగాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలియడం లేదు, ఇద్దరుంటే తప్పు చెరి సగం పడేది.

ఊరు వచ్చింది. అందరితో పాటే దిగి, అందరితో పాటే గుట్ట ఎక్కాను. ఆకుల చప్పుడు, మైనం వాసన, చర్చి పూజారి ఒక సమాధి నుంచి ఇంకో సమాధికి గబగబా నడుస్తున్నాడు. పిన్ని నన్ను దూరం నుంచే చూసి చెయ్యి ఊపింది. రాయి చుట్టూ కొమ్మలు పరిచింది, కొవ్వొత్తి వెలిగించింది, పళ్ళెంలో చెర్రీలూ జున్నూ రొట్టే. రాయి మీద ఆ నిండు ముఖం. కూర్చోమని గుడ్డ పరిచి, కాగితం గ్లాసులో గోధుమలు పెట్టి చేతికిచ్చింది. పుచ్చుకున్నప్పుడు దేవుడు క్షమించుగాక అనాలి, చనిపోయినవాళ్ళ కోసం. అన్నాను. చక్కెర నాలుక మీద కరుగుతోంటే ఇంక ఆగలేక, మొదటి మాట అదీ ఇదీ అని చూసుకోకుండా, పిన్నీ, ఆ రాయి మీది ముఖం నేను పాడుచేశాను, అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది, మొత్తం చెప్పాను, అడ్డం గుంట, దోనికా కారు, తాళం, పద్దెనిమిది, కొలిమి అబద్ధం. నా మాటలు నాకే సాకుల్లా వినిపించాయి. కవరులోంచి సైకిలు ఫోటో తీశాను, రెండు అచ్చులు, ఒకటి ఉన్నది ఉన్నట్టు, ఒకటి లాగింది.

"ముఖం చూడకు పిన్నీ, చక్రం చూడు" అన్నాను.

చూసింది. ఒకటి. ఇంకొకటి. గుండ్రటి చక్రం మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. రెండోదాని మీద పెట్టింది, వేలు చుట్టూ తిరగలేదు, పక్కకి జారింది. మళ్ళీ మొదటిదానికి వచ్చి, చక్రం నుంచి హ్యాండిల్ మీదుగా, చెయ్యి మీదుగా ముఖం దాకా పోయింది వేలు. అక్కడ ఆగింది. పక్క సమాధి దగ్గర ఎవరో సీసా మూత తీస్తున్నారు. ఆవిడ తిట్టాలని కోరుకున్నాను. గోధుమల గ్లాసు నా చేతిలో నలిగిపోయింది.

"కలలో ఒక పొడుగుమొహం పిల్ల వస్తుందమ్మాయ్" అంది, నా వైపు చూడకుండా, మామూలుగా, కూరగాయల గురించి చెప్పినట్టు. "గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడుతుంది. ఏమీ అనదు. ఎవరమ్మాయివి, ఉత్తరాలేమైనా ఉన్నాయా అని అడుగుతాను. లేవని తల ఊపుతుంది. అయితే వెళ్ళమ్మా, నా కూతురు వచ్చే వేళయింది అని చెప్పి, గొళ్ళెం పెట్టేస్తాను."

ఎన్నాళ్ళుగానో ఆవిడే చెప్పింది. "రెండేళ్ళ నుంచీ వస్తోంది."

సోమవారం మనోల్‌ని తీసుకొచ్చి మార్పిస్తాను అని ఉంటాను, అలాంటిదేదో. "ఇప్పుడే తియ్యి" అంది. మోకాళ్ళ మీద కూర్చుని బ్లేడు రాతికి ఆనించి పోనిచ్చాను. పాత జిగురు గట్టిపడి ఉంది, చెయ్యి తెగింది, చెప్పలేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు చూస్తున్నారు, ఒకరిద్దరు దగ్గరికి వచ్చి ఏమిటన్నారు. కూతురి ఫోటో మారుస్తున్నాం అంది పిన్ని, అంతే అంది, ఎవరు పాడుచేశారో చెప్పలేదు. బిళ్ళ ఊడి నా చేతిలోకి వచ్చింది. దాన్ని నా సంచిలో, కంటికి కనపడకుండా పెట్టేద్దామని అటు తిరిగాను.

"అదిలా ఇవ్వు."

పారేస్తాను పిన్నీ, దీన్ని ఉంచుకోకు, అన్నాను.

"ఎలా పారేస్తావు? మూడేళ్ళు దీనికే ఏడ్చాను" అంది. నా చేతిలోంచి తీసుకుని, వెనక అంటుకున్న జిగురు గోటితో గీకి, ఆ ముఖాన్ని లోపలి వైపుకి తిప్పి గౌను జేబులో పెట్టుకుంది.

తువ్వాల్లోంచి కొత్తది తీశాను. ఆవిడ చేతికి ఇవ్వడానికి భయపడ్డాను, కానీ చేతులు చాచింది, ఇచ్చాను. దాన్ని చూసినప్పుడు ఆవిడ మొహంలో ఏముందో చెప్పలేను, నేను చూడలేదు, జిగురు గొట్టం మూత తీస్తున్నాను, తీస్తున్నట్టు కూర్చున్నాను. గుంట తుడిచి జిగురు పెట్టాను. బిళ్ళ ఆనించి అదమబోతే, తప్పుకో, అంది. తప్పుకున్నాను. పావుగంట పట్టుకోవాలి పిన్నీ, చెయ్యి నొప్పెడుతుంది, అన్నాను.

ఆవిడ వినలేదు. రాతికి దగ్గరగా జరిగి, మోకాళ్ళు కొమ్మల మీద ఆన్చి, అరచెయ్యి మొత్తం ఆ ముఖం మీద పెట్టి, రెండో చేత్తో ఆ చేతిని అదిమింది. వేళ్ళ సందుల్లోంచి గోడ ఇటుకలు మాత్రం కనిపిస్తున్నాయి, నేను అతికించినవి. కింద బస్సు హారన్ కొట్టింది, మధ్యాహ్నం బస్సు, పక్క సమాధులవాళ్ళు పళ్ళేలు సర్దుకుని దిగిపోతున్నారు. నన్ను ఉండమని ఆవిడ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. పెదవులు కదులుతున్నాయి, రాతికి అంత దగ్గరగా వంగి చెప్తోంది. నాకు వినపడే దూరమే. నేను లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి, వినపడని చోట నిలబడ్డాను.